ఆవిరికి ముందు గీసిన గీత

పద్నాలుగో భాగం

పోయిన వారం ఆవిరక్కను సూపరింటెండెంటు గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి మనం మన పనులు చూసుకోవడానికి వెళ్లిపోయాం. ఆమె మాత్రం ఇంకా అక్కడే ఉంది. పదిన్నరకి పిలుస్తామన్నవాళ్లు పదకొండు దాటినా పిలవలేదు. లోపల కుర్చీలు జరిపిన చప్పుడు తప్ప మరేమీ వినబడటం లేదు.

మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను, తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టండి. ఆపరేషన్లకు వాడే కత్తులూ కత్తెరలూ గుడ్డలూ మూటలు కట్టి, ఆవిరి యంత్రంలో పెట్టి, క్రిమి అన్నది మిగలకుండా చేసి పంపించడం ఆవిరక్క పని. పంతొమ్మిదేళ్లుగా అదే పని కావడంతో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. మూటకి అంటించే టేపు మీద లేత రంగు చారలుంటాయి. ఆవిరి సరిపడా తగిలితే అవి నల్లబడతాయి. టేపు మీద తేదీ, లోడు నంబరు, కట్టినవాళ్ల పొడి అక్షరాలు పెన్సిల్‌తో రాయాలి. ఆవిరక్క ఇవన్నీ రాసి, యంత్రం తలుపు మూసే ముందు ఒక్కో టేపు మూలన నువ్వు గింజంత సిలువ గీసేది. గీస్తూ మనసులో ఒకే మాట అనుకునేది: "ప్రభువా, ఇది ఎవరి కోసమో నాకు తెలీదు, నీకు తెలుసు."

ఇది నేర్పింది ప్రార్థనమ్మ. ఆవిరక్కకు ముందు ఆ యంత్రం దగ్గర పని చేసిన పెద్దావిడ. "పొడి అక్షరాలు ఆస్పత్రి కోసం, ఆ గీత ఆయన కోసం" అని చెప్పి, పెన్సిల్ ముక్క చేతిలో పెట్టి రిటైరైపోయింది. ఆమెను పాతిపెట్టి మూడు వారాలైంది.

సరిగ్గా ఆ మూడు వారాల కిందటే ఒక ఆవిడకి కాన్పు ఆపరేషన్ జరిగింది. బిడ్డ చల్లగా ఉంది. తల్లికి మాత్రం కుట్లు చీము పట్టాయి, విషం రక్తంలోకి పాకింది, మనిషి కళ్లు తెరవడం లేదు. ఆ గొడవలో ఎవరో మూట టేపు ఫోటో తీశారు. మర్నాటికి గేటు గోడ నిండా కాగితాలు వెలిశాయి. "మన ఆడవాళ్ల పొట్టలు కోసే కత్తుల మీద సిలువలు గీస్తున్నది ఎవరు?" అని పెద్ద అక్షరాలు. అడగడమైతే ఎవరని అడిగారు గానీ, ఎవరో వాళ్లకి తెలుసు.

ఇదీ సంగతి. ఇక ఈ ఉదయం ఇంట్లో ఏం జరిగిందో కూడా చెప్పాలి, ఎందుకంటే బెంచీ మీద కూర్చున్నంతసేపూ ఆవిరక్క దాన్నే నెమరేసుకుంటోంది.

కూతురికి పరీక్ష. అట్ట పై మూలన తండ్రి చేత సిలువ గీయించుకోనిదే ఆ పిల్ల గడప దాటదు. అతను గీసే సిలువకి అడుగున ఒక అడ్డగీత ఉంటుంది, పీట వేసినట్టు. అది వాళ్ల నాన్న నుంచి వచ్చిన అలవాటు. ఆయన వడ్రంగి. "గాల్లో నిలబడే వస్తువు నేనెప్పుడూ చేయలేదమ్మా, సిలువకైనా సరే, పాదం ఉండాలి" అనేవాడు కోడలితో. గుమ్మం పైన ఆయన బిగించిన చెక్క సిలువకీ పీట ఉంది. "మామయ్యా, మీరు చేసింది సిలువా, స్టూలా?" అని ఆవిరక్క ఏడిపించేది. ఆయన పోయి ఆరేళ్లైంది.

ఈ రోజు గీస్తుంటే అతని చెయ్యి వణికింది, గీత వంకర పోయింది. "ఇది పడిపోయేలా ఉంది నాన్నా" అని పిల్ల మూతి ముడుచుకుని బడికి వెళ్లింది. తలుపు మూసుకోగానే అతను ఆవిరక్కకి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"ఇదిగో, ఒక్క మాట చెబుతాను, కోప్పడకు. ఆ గీతల సంగతి నీకు తెలీదని చెప్పెయ్."

"ఎలా చెప్పనండీ, గీసింది నేనైతే?"

"నువ్వు గీస్తుంటే ఎవరు చూశారు? పెన్సిల్ గీత అది. దానికేమన్నా నోరుందా?"

"నాకుందిగా."

"ఆ నోరే మన కొంప ముంచేది!" అని గట్టిగా అనేసి, వెంటనే గొంతు తగ్గించాడు. "ప్రభువుని కాదనమన్నానా? చర్చి మానెయ్యమన్నానా? ఇంట్లో మోకాళ్లు అరిగేదాకా ప్రార్థన చేసుకో, ఎవరొద్దన్నారు. ఒక్క కాగితం మీద ఒక్క సంతకం పెట్టు. ఆ తర్వాత ఆ టేపుల జోలికి ఎవరూ రారు."

"మీరెందుకండీ అంత భయపడుతున్నారు?"

"భయపడక? నిన్న కిటికీ మీద రాయి పడింది, చూశావుగా. ఇవాళ రాయి, రేపు ఇంకేంటో. ఉద్యోగం పోతే ఈ క్వార్టర్ పోతుంది. పిల్లని తీసుకుని ఎక్కడికి పోతాం?"

అతనిదీ అదే ఆస్పత్రి, బాయిలర్ దగ్గర పని. ఆయన ఆవిరి పుట్టిస్తే ఆమె వాడుతుంది, డ్యూటీలో కూడా కాపురమే చేస్తున్నారని ఒకప్పుడు అందరూ వేళాకోళం చేసేవాళ్లు. మూడు వారాలుగా ఆ వేళాకోళాలు లేవు. మూడు వారాలుగా అతనికి తిండీ లేదు, నిద్రా లేదు. మనిషి చిక్కి సగమయ్యాడు. తన కోసం ఇంతగా కుమిలిపోతున్నాడే అనుకుని ఆవిరక్క మనసు నీరైపోయింది.

"చూస్తానండీ" అంది.

ఆ రెండు ముక్కలు ఎందుకన్నానా అని అప్పటి నుంచీ నలిగిపోతోంది.

ఇప్పుడు అతను బెంచీకి ఆ చివర కూర్చుని, బాయిలర్ దగ్గర వాడే నూలు పీచుతో చేతులు తుడుచుకుంటున్నాడు. చేతులు శుభ్రంగానే ఉన్నాయి. అయినా తుడుస్తూనే ఉన్నాడు. వరండాలో వచ్చేపోయేవాళ్లంతా గోడ మీద ఏదో గొప్ప వింత ఉన్నట్టు అటే చూస్తూ పోతున్నారు. నెల కిందటి దాకా "అక్కా, కాసిని వేణ్ణీళ్లు" అంటూ రోజూ వచ్చే ఆయా, చేతిలో బకెట్ ఉండి కూడా, ఆమెను చూడగానే వెనక్కి తిరిగి వేరే దారిన వెళ్లింది. గేటు దగ్గర అరుపులు మొదలయ్యాయి. మాటలు తెలియడం లేదు గానీ ఒక గొంతు అనడం, వంద గొంతులు అందుకోవడం తెలుస్తోంది.

తలుపు తెరుచుకుంది. "రామ్మా" అన్నారు లోపలి నుంచి.

అతను ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "ఒక్క మాట. తెలీదు. అంతే" అన్నాడు గుసగుసగా. అతని వేళ్లు చల్లగా ఉన్నాయి. రోజంతా బాయిలర్ పక్కన గడిపే మనిషి చెయ్యి అంత చల్లగా ఉండటం ఆమె ఎప్పుడూ ఎరగదు.

గదిలో ముగ్గురున్నారు. బల్ల వెనక సూపరింటెండెంటు. ఆయన పక్కన బయటి నుంచి విచారణకొచ్చినావిడ, నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్లజోడు, ముందు ఒక లావాటి కవరు. మూడో మనిషిని చూసి ఆవిరక్క గుమ్మంలోనే ఆగిపోయింది. కిటికీ పక్క కుర్చీలో బస్సు డ్రైవరు కూర్చుని ఉన్నాడు. ఆ బాలింత భర్త. ఒళ్లో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో ఆడవాళ్ల చెప్పుల జత. ఆపరేషన్ రోజున థియేటర్ బయట విప్పించి అతని చేతికిచ్చినవి. డిశ్చార్జి నాడు వేసుకుంటుంది కదా అని మూడు వారాలుగా వెంటేసుకుని తిరుగుతున్నాడు.

"కూర్చోమ్మా" అన్నాడు సూపరింటెండెంటు. మంచి మాటకారి. పెద్ద డాక్టరే గానీ కత్తి పట్టడం మానేసి పదేళ్లైంది, ఇప్పుడన్నీ మాటలతోనే కోస్తాడు. "చూడు, నేను నీ శత్రువుని కాదు. నీ పని ఎలాంటిదో నాకు తెలుసు. ఈ గొడవ ఎవరికీ మంచిది కాదు. ఇదిగో, టైపు చేయించి పెట్టాను, చదువుకో."

కాగితం మీద మూడే వాక్యాలున్నాయి. టేపుల మీద కనిపించిన గుర్తుల గురించి నాకేమీ తెలియదు. అవి నేను గీసినవి కావు. వాటితో నాకు గానీ నా మత విశ్వాసానికి గానీ ఎలాంటి సంబంధం లేదు.

"సంతకం పెట్టావంటే గుర్తుల సంగతి ఇక్కడితో ముగిసిపోతుంది. యంత్రం పాతబడింది, ఆవిరి సరిగ్గా అందలేదు అని రిపోర్టులో రాసుకుంటాం. యంత్రం మీద ఎవరూ రాళ్లు వెయ్యరు" అన్నాడాయన.

విచారణావిడ కళ్లజోడు పైనుంచి ఆవిరక్క చేతుల్నే చూస్తోంది.

ఆవిరక్క పెన్ను తీసుకుంది. అవును, తీసుకుంది. ఆమెను దేవతను చేసి మీ ముందు నిలబెట్టాలని నాకేమీ లేదు. పంతొమ్మిదేళ్ల ఉద్యోగం, రెండు గదుల ఇల్లు, కూతురు బడి, చిక్కిపోయిన మొగుడు, గేటు బయట వంద గొంతులు, అన్నీ కలిసి ఆ పెన్నులోకి దిగితే ఎవరి చెయ్యైనా కాగితం మీదికి వాలుతుంది. సంతకం పెట్టాల్సిన చోట చుక్కల గీత. పెన్ను మొన దాని మీద ఆనింది కూడా.

ఏదో గొప్ప స్వరం వినబడిందనో, గది వెలుగుతో నిండిందనో మీరు ఎదురుచూస్తే నిరాశపడతారు. ఆమెకు గుర్తొచ్చింది చాలా చిన్న విషయం. యంత్రం ముందు ఆమె వేసుకునే ఎత్తుపీట. ఇరవై నిమిషాలు ఆవిరి బుసకొడుతుంటే ఆ పీట మీద కూర్చుని లోపలున్న మూటల్ని తలుచుకోవడం. ఎన్ని వేల మూటలో. ఎవరి ఒంట్లోకి ఏ కత్తి పోయిందో, ఎవరు నడిచి ఇంటికెళ్లారో ఆమెకి తెలీదు. తెలిసిందల్లా ఒక్కటే, ఆ ఇరవై నిమిషాలూ తను ఒంటరిగా లేదు. పెళ్లి కాకముందు, పిల్ల పుట్టకముందు, ఆవిరక్క అన్న పేరు రాకముందు కూడా ఆ పీట మీద కూర్చున్న మనిషిని ప్రభువు ఎరుగును. గీతలు నావి కావంటే ఆ ప్రార్థన మాటలెవరివి? ఆ కూర్చున్నదెవరు? ఈ మూడు వాక్యాల కింద సంతకం పెడితే ఆ పీట మీద పంతొమ్మిదేళ్లుగా ఎవరూ లేనట్టే.

పెన్నుకి మూత పెట్టేసింది.

"ఆ గీతలు నావేనండి" అంది.

బస్సు డ్రైవరు ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. సంచిలో చెప్పులు టపటపమన్నాయి. సూపరింటెండెంటు నీళ్లు నమిలాడు. "అది కాదమ్మా, ఆలోచించుకుని..."

"ఆలోచించుకునే చెబుతున్నానండి. గీసింది నేనే. అది సిలువే. నేను ప్రభువుని నమ్ముకున్న మనిషిని, ఆ మూట ఎవరికి పోతుందో వాళ్ల కోసం ప్రార్థన చేసి గీస్తాను. ఆస్పత్రి సరుకు మీద సొంత గుర్తు పెట్టడం తప్పే, నియమం నాకు తెలుసు. దానికి మీరు ఏ శిక్ష వేసినా వేసుకోండి. గీయలేదని మాత్రం చెప్పలేను."

"అసలు మా ఆవిడని ఏం చేశారు మీరు?" అన్నాడు బస్సు డ్రైవరు. అతను అరవలేదు, అరిచినా బాగుండేది. "గేటు దగ్గర ఏవేవో అంటున్నారు. మంత్రమంటున్నారు, మతంలో కలపడమంటున్నారు. నాకవేమీ తెలీదు. బస్సు తోలుకునేవాణ్ణి. తను లేచి ఈ చెప్పులేసుకుని ఇంటికొస్తే చాలు నాకు. మీరేం చేశారో చెప్పండి."

"మీ ఆవిడ బాగుండాలని కోరుకున్నానయ్యా" అంది ఆవిరక్క. ఇంకా ఏదో అనబోయి ఆగిపోయింది. ఆ మనిషి ముందు ఆ మాట ఎంత పేలవంగా ఉందో ఆమెకే తెలిసింది.

విచారణావిడ అప్పుడు నోరు విప్పింది. "అయితే టేపు మీద ఆ గుర్తుంటే ఆ మూట మీ చేతి మీదుగా వెళ్లినట్టేనా?"

"అవునండి."

"ప్రతిసారీ?"

"పంతొమ్మిదేళ్లుగా అంతేనండి."

"మంచిది. రాసుకుంటున్నాను" అందావిడ, రాసుకుంది కూడా. రాసి, కవరు దగ్గరికి లాక్కుని, అందులోంచి ప్లాస్టిక్ కాగితంలో పెట్టిన టేపు ముక్క తీసి బల్ల మీద ఉంచింది. "ఇది వీళ్ల ఆవిడ ఆపరేషన్‌కి విప్పిన మూట టేపు. మూలన ఏముందో చూడండి."

మూలన నువ్వు గింజంత సిలువ ఉంది.

సూపరింటెండెంటు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. ఆయనకి ఇది ముందే తెలుసు. అందుకే ఆ కాగితం టైపు చేయించాడు. పొడి అక్షరాలు మూట కట్టిందెవరో చెబుతాయి గానీ ఆవిరి పట్టిందెవరో చెప్పవు కాబట్టి, గీతలు తనవి కావని ఉంటే ఈ టేపు ఎవరిదీ కాకుండా కవరులోనే ఉండిపోయేది. తనవే అని తన నోటితోనే చెప్పింది, ఆవిడ రాసుకుంది. నిజం చెప్పి నాలుగు నిమిషాలు కాలేదు, అది ఆమె మెడ చుట్టూ బిగుసుకుంది.

"లోపలికి రండి" అని విచారణావిడ పక్క తలుపు వైపు పిలిచింది. థియేటర్ నర్సు వచ్చి నిలబడింది. ముప్పై ఏళ్లుంటాయి, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. ఆవిరక్క వైపు చూడలేదు.

"ఆ రోజు ఈ మూట విప్పింది మీరేగా? ఏం జరిగిందో చెప్పండి."

"అర్జంటు కేసండి. మూటలు తక్కువ పడ్డాయని కింద ఆవిరి గదికి ఫోన్ చేశాం. పది నిమిషాల్లో లిఫ్టులో పైకొచ్చింది. చారలు సరిగ్గా నల్లబడలేదు, గోధుమరంగులో ఉన్నాయి. నాకెందుకో అనుమానమొచ్చింది. వెనక్కి పంపుదామనుకున్నా." నర్సు చెంగుతో ముక్కు తుడుచుకుంది. "కానీ మూలన అక్క గుర్తు ఉంది. అక్క గుర్తు ఉంటే ఇక చూడక్కర్లేదని మా థియేటర్‌లో అందరం అనుకుంటాం. ఆ గుర్తున్న మూట ఇన్నేళ్లలో ఒక్కటీ చెడలేదు. ఆ ధైర్యంతో విప్పేశాను."

అక్క గుర్తు. ఆ పేరు ఆవిరక్క ఎప్పుడో విన్నది. నర్సులు ఏరుకుని మరీ ఆ మూటలు తీసుకుంటారని ఎవరో చెబితే నవ్వి ఊరుకుంది. నిజం చెప్పాలంటే లోలోపల ఉబ్బిపోయింది. ప్రభువు కోసం గీసిన గీత తన పేరుగా మారిపోతుంటే వద్దని ఒక్కసారి కూడా అనలేదు. "చారలు చూడండమ్మా, గీత కాదు" అని ఒక్క మాట చెప్పి ఉంటే ఈ అమ్మాయి ఆ మూట వెనక్కి పంపేది. ఈ డ్రైవరు పెళ్లాం ఈ పాటికి ఇంట్లో బిడ్డకి పాలిస్తుండేది. సిగ్గుతో ఆవిరక్క చెవులు వేడెక్కాయి. గేటు దగ్గర అరుస్తున్నవాళ్లు వేసిన నిందల కన్నా ఇది ఎక్కువగా కోసింది, ఎందుకంటే ఇందులో అబద్ధం లేదు.

"చెప్పడానికి ఏమైనా ఉందా?" అడిగింది విచారణావిడ.

లేదు అనబోయింది. గోధుమరంగు చారలు. ఆ మాట దగ్గర ఆమె బుర్ర ఆగిపోయింది. తన చేతి మీదుగా గోధుమరంగు చారల మూట ఏదీ ఎప్పుడూ గది దాటలేదు.

"ఏ తారీఖండి అది?"

విచారణావిడ టేపు దగ్గరికి జరిపింది. ప్రార్థనమ్మను పాతిపెట్టిన రోజు. రెండో లోడు.

"ఆ రోజు మధ్యాహ్నం నేను లేనండి" అంది ఆవిరక్క మెల్లగా. "సమాధి తోటకి వెళ్లాను, సెలవు చీటీ రాసిచ్చి. మొదటి లోడు తీసి సర్దేశాను. రెండో లోడు మూటలు కట్టి, తేదీ, నంబరు, పొడి అక్షరాలు వేసి, బల్ల మీద పెట్టి వెళ్లాను. యంత్రంలో పెట్టలేదు. నేనొచ్చాక పెడదామని. వచ్చాక మూటలు లెక్క చూసుకోలేదండి, ఏడుస్తూ వచ్చాను, అది నా తప్పు."

"మరి గుర్తు?"

"గుర్తు మూట కట్టినప్పుడు గీయనండి. యంత్రంలో పెట్టి తలుపు మూసే ముందు గీస్తాను. ఆ మూటలకి నేను గీయలేదు."

సూపరింటెండెంటు కళ్లు తెరిచాడు. "ఇప్పుడేగా నీదే అన్నావు?"

"నావి నావేనండి. ఇది చూడాలి." ఆవిరక్క చెయ్యి చాచింది, మళ్లీ వెనక్కి తీసుకుంది. "నేను ముట్టుకోను, చెరిపేశానంటారు. అమ్మా, మీరే చూడండి. ఆవిరికి ముందు టేపు మీద రాసిన పెన్సిల్ దాంట్లోకి ఇంకిపోతుంది. వేలితో రుద్దినా పోదు. ఆవిరి తగిలాక గీస్తే పైపైనే ఉంటుంది, వేలికి అంటుకుంటుంది. మా పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ముందు తేదీ మీద రుద్దండి."

విచారణావిడ ఒక్క క్షణం ఆమె మొహం చూసింది. ప్లాస్టిక్ కాగితంలోంచి టేపు తీసి, చూపుడు వేలు తేదీ మీద పెట్టి గట్టిగా రుద్దింది. వేలు శుభ్రంగా ఉంది. పొడి అక్షరాల మీద రుద్దింది. ఏమీ రాలేదు. తర్వాత సిలువ అడ్డగీత చివర, కొసన మాత్రం, వేలు ఆనించి తీసింది.

వేలి మీద బూడిదరంగు మరక.

నర్సు "అయ్యో దేవుడా" అని నోరు కప్పుకుంది. విచారణావిడ వేలిని వెలుతురులో పెట్టి చూసుకుని, సూపరింటెండెంటుకి చూపించింది. బస్సు డ్రైవరు రెండడుగులు ముందుకొచ్చాడు.

"అంటే మూట బయటికొచ్చాక ఎవరో గీశారు. చారలు సరిపోలేదని తెలిసి, పైన తీసుకోరేమోనని, మీ గుర్తు పెట్టి పంపారు" అందావిడ. "మీరు గీసే సిలువ ఇలాగే ఉంటుందా? సరిగ్గా చూసి చెప్పండి."

ఆవిరక్క వంగి చూసింది. గీత నిటారుగా ఉంది, అడ్డగీత సమంగా ఉంది, నువ్వు గింజంతే ఉంది. తన గీతను చాలాసార్లు చూసినవాళ్లు ఎవరో శ్రద్ధగా గీశారు. కానీ చేతికి ఉన్న అలవాటు శ్రద్ధకి లొంగదు. సిలువ అడుగున, చీమ కాలంత సన్నగా, ఒక అడ్డగీత ఉంది.

పీట.

ప్రార్థనమ్మ శవపేటిక కదిలే వేళైందని కబురొచ్చినప్పుడు ఆవిరి గదిలో ఆమె ఏడుస్తూ నిలబడితే, భుజం మీద చెయ్యి వేసి, "నువ్వెళ్లు, ఇక్కడ నేను చూసుకుంటాలే" అన్న గొంతు ఆమె చెవిలో స్పష్టంగా వినబడింది. ఫోన్ మోగి ఉంటుంది. మూట కావాలని తొందరపెట్టి ఉంటారు. పెళ్లాం లేనందువల్ల పని ఆగిందన్న మాట రాకూడదని, తనే మూట యంత్రంలో పెట్టి, ఆవిరి నిండకముందే బయటికి తీసి ఉంటాడు. పాపం, ఆమెను కాపాడదామనే చేసి ఉంటాడు. మూడు వారాలుగా తిండి సహించకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఉదయం అట్ట మీద వణికిన చెయ్యి, "ఆ టేపుల జోలికి ఎవరూ రారు" అన్న మాట, అన్నీ ఇప్పుడు వరసగా వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాయి. అతను కుమిలింది ఆమె కోసం కాదు. లేక ఆమె కోసం కూడానేమో.

"ఏమ్మా? ఇది మీ గీతేనా?"

"కాదండి."

"ఎవరిదో మీకు తెలుసా?"

సూపరింటెండెంటు చటుక్కున అందుకున్నాడు. "తెలీకపోతే తెలీదను, అందులో తప్పేం లేదు. నీ మీదున్న నింద ఎలాగూ పోయింది. మిగతాది మేం చూసుకుంటాం."

తెలీదు. ఉదయం నుంచీ అందరూ ఆమె నోట్లో పెట్టాలని చూస్తున్న మాట. ఇందాక తన ఉద్యోగం కోసం ఆ మాట అనమన్నారు, అనలేదు. ఇప్పుడు ఆ మాట అంటే తనకు వచ్చే నష్టమేమీ లేదు. ఇంటికెళ్లి అతనికి అన్నం వడ్డించవచ్చు, సాయంత్రం పిల్ల పరీక్ష ఎలా రాసిందో అడగవచ్చు. గుమ్మం పైన మామయ్య బిగించిన సిలువ కింద నుంచి రోజూ రాకపోకలు సాగించవచ్చు.

ఆమె తలుపు వైపు చూసింది. మసక గాజు వెనక ఒక మనిషి ఆకారం. బెంచీ మీద లేదు, గాజుకి దాదాపు ఆనుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటున్నాడో.

మళ్లీ ఇటు తిరిగింది. బస్సు డ్రైవరు ఆమెనే చూస్తున్నాడు. సంచిని రెండు చేతులతో గుండెకి హత్తుకున్నాడు, చెప్పుల మడమలు పైకి పొడుచుకొచ్చాయి. మడమల దగ్గర అరిగిపోయి ఉన్నాయి.

ఇది ఎవరి కోసమో నాకు తెలీదు ప్రభువా అని పంతొమ్మిదేళ్లు చెప్పుకుంది. ఇవాళ తెలుసు. ఆ మనిషి ఎదురుగానే ఉన్నాడు.

"తెలుసండి" అంది ఆవిరక్క.

గాజు వెనక ఆకారం కదిలింది. తలుపు పిడి నెమ్మదిగా కిందికి దిగింది.